చలినీళ్లలో ఎర్రచేప
(రేడియో ప్రసంగ పాఠం)



ఈ కార్యక్రమంలో ఇప్పటిదాకా వీసాల గురించి, పిల్లల చదువుల గురించి, ఇళ్ల లోన్ల గురించి పెద్దవాళ్లు చాలామంది మాట్లాడారు. నన్ను మాత్రం చేపలు పట్టడం గురించి మాట్లాడమన్నారు. అదీ చలికాలంలో, కయాక్‌లో కూర్చుని, గాల్వెస్టన్ బురదల్లో. "నీకేం పనీపాటా లేదా" అని మా అమ్మ ఫోన్లో అడిగిన ప్రశ్నే మీలో కొందరికి వచ్చి ఉంటుంది. నిజం చెప్పాలంటే, ఈ కథ మొదలైనప్పుడు నాకు నిజంగానే పని లేదు.

ముందు ఆ చోటు గురించి చెప్తాను. హ్యూస్టన్‌లో ఉండే మనవాళ్లకి గాల్వెస్టన్ అంటే బీచ్. కారు ఆపి, అలల్లో కాళ్లు తడుపుకుని, డబ్బాలో తెచ్చుకున్న పులిహోర తిని వచ్చేస్తాం. కానీ ఆ దీవికి ఇంకో వైపు ఉంది. సముద్రం వైపు కాదు, లోపల వెస్ట్ బే వైపు. అక్కడ అలలుండవు, ఇసక ఉండదు. మోకాలెత్తు ఉప్పుగడ్డి, దాని మధ్య మెలికలు తిరిగే ఉప్పుటేళ్లు, నల్లటి బురద, ఆలిచిప్పల దిబ్బలు. వీటినే ఇక్కడివాళ్లు మార్ష్ అంటారు. గాల్వెస్టన్ ఐలండ్ స్టేట్ పార్కులో బే వైపు డేనా కోవ్, ఓక్ బయూ, జెంకిన్స్ బయూ అని కయాక్‌లు తిరిగే దారులున్నాయి. కృష్ణా జిల్లాలో నాగాయలంక వైపు వెళ్లినవాళ్లెవరైనా ఉంటే ఆ దారులు చూడగానే గుర్తుపడతారు. అక్కడ మడచెట్లు, ఇక్కడ గడ్డి. మిగతాదంతా అదే బురద, అదే వాసన.

ఆ నీళ్లలో ఉండే చేప రెడ్ ఫిష్. పుస్తకాల్లో పేరు రెడ్ డ్రమ్. రాగి రంగు ఒళ్లు, తోక మొదట్లో కాటుక బొట్టులాంటి నల్లమచ్చ. గుడ్లు పెట్టే కాలంలో మగచేపలు గాలితిత్తి పక్క కండరాలు ఆడించి డప్పు కొట్టినట్టు చప్పుడు చేస్తాయి. అందుకే డ్రమ్ అన్న పేరు. పిల్లగా మార్ష్‌లోకి వచ్చి, మూడు నాలుగేళ్లు ఇక్కడే పెరిగి, తర్వాత గల్ఫ్ సముద్రంలోకి వెళ్లిపోతుంది. అక్కడ నలభై ఏళ్లు బతికేవి కూడా ఉన్నాయి. అంటే నాకంటే పెద్దవన్నమాట.

ఇక అసలు కథ. 2019 డిసెంబరు. నేను పనిచేస్తున్న ప్రాజెక్టు ఒక శుక్రవారం సాయంత్రం ఆగిపోయింది. ఉద్యోగం పోయింది. హెచ్-1బి వీసా మీద ఉన్నవాళ్లకి అరవై రోజుల గడువంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. ఇంట్లో చెప్పలేదు. మా ఆవిడకి అప్పుడే డిపెండెంట్ వీసా మీద పని అనుమతి వచ్చింది, బాబుకి రెండేళ్లు. ఇంకో ఉద్యోగం దొరికాకే చెబుదాం అనుకున్నాను. రోజూ పొద్దున్నే లంచ్ బాక్స్ పట్టుకుని బయల్దేరేవాణ్ణి. లైబ్రరీలో కూర్చుని రెజ్యూమెలు పంపేవాణ్ణి, ఇంటర్వ్యూలు ఇచ్చేవాణ్ణి. సాయంత్రం ట్రాఫిక్ మీద విసుక్కుంటూ ఇంటికొచ్చేవాణ్ణి.

లీగ్ సిటీలో ఉండే ఒక మిత్రుడు ఇండియా వెళ్తూ గరాజ్ కోడ్ నాకిచ్చాడు, మొక్కలకి నీళ్లు పోయమని. అందులో అతని కయాక్ ఉంది. వేసవిలో అతనితో రెండుసార్లు వెళ్లాను, ఒక చిన్న చేప పట్టాను. అంతే నా అనుభవం. పదకొండో రోజు, మంగళవారం, ఇంటర్వ్యూ ఒకటి పాడయింది. కయాక్ కారెక్కించుకుని గాల్వెస్టన్ పోయాను. ఎండగా ఉంది. పొద్దున డెబ్బై డిగ్రీలు. ఒంటి మీద జీన్స్, కాటన్ చొక్కా. లైఫ్ జాకెట్ ఉంది, సీటు వెనక దోపి ఉంది.

మధ్యాహ్నం ఉత్తరం వైపు ఆకాశంలో నీలంగా గీత కనపడింది. అదేమిటో తెలిసినవాడైతే వెంటనే గట్టెక్కేవాడు. టెక్సస్‌లో చలిగాలి అలాగే వస్తుంది. అప్పటిదాకా దక్షిణం నుంచి వీచే వెచ్చటి గాలి ఒక్కసారిగా ఆగిపోతుంది. ఐదు నిమిషాలు నిశ్శబ్దం. ఆ తర్వాత ఉత్తరం నుంచి ముప్ఫై మైళ్ల వేగంతో దెబ్బ. గంట రెండు గంటల్లో ఇరవై డిగ్రీలు పడిపోతుంది. నేను తిప్పుకుందామని కయాక్‌ని గాలికి అడ్డంగా పెట్టాను. చిన్న అలే, కానీ పక్కనుంచి కొట్టింది. బోర్లా పడ్డాను.

నీళ్లు ఛాతీ దాకానే ఉన్నాయి. కానీ పడగానే అది తెలియదు. చన్నీళ్లు ఒంటికి తగలగానే ఊపిరి దానంతటదే లోపలికి గుంజుకుంటుంది. నా ఇష్టంతో పని లేదు. ఆ గుంజుడులో ఉప్పునీళ్లు మింగాను. కాళ్లు బురదలో దిగబడ్డాయి. జేబులో ఫోను చచ్చిపోయింది. లైఫ్ జాకెట్ ఎక్కడో తేలుతోంది. కయాక్‌ని పట్టుకుని వేలాడాను. గాలి ఉత్తరం నుంచి వీస్తోంది కాబట్టి నన్నూ కయాక్‌నీ దీవి ఒడ్డు వైపే నెట్టింది. అదే దక్షిణపు గాలి అయ్యుంటే బే మధ్యలోకి పోయేవాణ్ణి. నా ఈత వల్ల బతకలేదు, గాలి వాటం వల్ల బతికాను.

ఆలిచిప్పల మీద పాకుతూ, కాళ్లు కోసుకుంటూ గట్టెక్కి, పార్కింగ్ దాకా నడిచాను. కారు తాళం జేబులోనే ఉంది. కానీ వేళ్లు వంగవు. నా కారు ముందు నేను తాళం పట్టుకుని తలుపు తీయలేక నిలబడ్డాను. పక్కన ట్రక్కులో ఒక ముసలాయన ఉన్నాడు, గాలి చూసి గాలాలు సర్దుకుని వెళ్లిపోతున్నాడు. ఆయనే దిగి వచ్చి నన్ను తన ట్రక్కులో కూర్చోబెట్టి, హీటర్ పెట్టి, తడి చొక్కా విప్పించి, తన కోటు కప్పాడు. పావుగంట ఏమీ అడగలేదు. తర్వాత ఒకటే అడిగాడు. "నువ్వు ఇక్కడ ఉన్నట్టు ఎవరికి తెలుసు?"

నా దగ్గర జవాబు లేదు. మా ఆవిడ లెక్కలో నేను డౌన్‌టౌన్‌లో ఇరవయ్యో అంతస్తులో ఉన్నాను. మిత్రుడు ఇండియాలో ఉన్నాడు. నాకేమైనా అయ్యుంటే నా కోసం ఎక్కడ వెతకాలో కూడా ఎవరికీ తెలిసేది కాదు.

ఆ రాత్రి ఇంట్లో అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆమె తిట్టలేదు. చాలాసేపు నా కాళ్లకి మందు రాస్తూ కూర్చుంది. తర్వాత అంది: "ఉద్యోగం పోవడం మీ తప్పు కాదండీ. నీళ్లలో పడటం కూడా పొరపాటే అనుకుంటాను. కానీ పదకొండు రోజులు మీరెక్కడున్నారో నాకు తెలియకుండా బతికాను చూడండి, దానికి ఏం చెయ్యమంటారు?" ఆ పదకొండు రోజుల లంచ్ బాక్సులూ ఆమె కట్టినవే. దానికి నా దగ్గర ఇప్పటికీ సమాధానం లేదు.

నలభై ఒకటో రోజున ఉద్యోగం వచ్చింది. కయాకింగ్ మానేస్తానన్నాను. "మానేయమని నేననలేదు. నేర్చుకుని వెళ్లండి, చెప్పి వెళ్లండి" అంది. అలా నేర్చుకోవడం మొదలుపెట్టాను. నేర్చుకుంటున్న కొద్దీ నాకు ఒక సంగతి అర్థమైంది. చలికాలంలో రెడ్ ఫిష్‌కీ నాకూ ఉన్నది ఒకటే సమస్య. చన్నీళ్లు. ఆ చేపకి దాన్ని ఎలా నెగ్గుకురావాలో తెలుసు. నాకు తెలియదు. అందుకని దాన్నే గురువు చేసుకున్నాను.

చేప ఒంటికి సొంత వేడి ఉండదు. నీళ్లు ఎంత చల్లగా ఉంటే ఒళ్లూ అంత చల్లగా ఉంటుంది. జనవరిలో ఇక్కడ నీళ్లు యాభైల్లోకి దిగుతాయి. అప్పుడు చేప తిండి తగ్గిస్తుంది, కదలిక తగ్గిస్తుంది, శక్తి దాచుకుంటుంది. ఉత్తరపు గాలి బేలోని నీళ్లని గల్ఫ్‌లోకి తోసేస్తుంది. ఇక్కడ ఆటుపోట్లు మామూలుగా అడుగు, రెండడుగులే. చలిగాలి గట్టిగా వీస్తే మాత్రం నిన్న మోకాలి లోతున్న చోట ఇవాళ బురద ఎండుతూ కనపడుతుంది. అప్పుడు చేపలు ఉప్పుటేరు మలుపుల్లో, నాలుగైదు అడుగుల లోతున్న గుంటల్లోకి చేరతాయి. అంత పెద్ద మార్ష్‌లో ఉండే చేపలన్నీ కొన్ని గుంటల్లో సర్దుకుంటాయి.

గాలి వచ్చిన రోజు వెళ్లకూడదు. మర్నాడూ వద్దు. రెండో రోజో మూడో రోజో, గాలి తగ్గి, ఆకాశం తేటపడి, ఎండ కాసినప్పుడు వెళ్లాలి. అదీ తెల్లవారుజామున కాదు. మనవాళ్లు చేపలంటే నాలుగింటికి అలారం పెడతారు. చలికాలంలో ఆ అవసరం లేదు, భోంచేసి వెళ్లచ్చు. నల్ల బురద ఎండకి వేడెక్కుతుంది, దాని మీద ఉన్న పల్చటి నీళ్లు వేడెక్కుతాయి. రెండు మూడు డిగ్రీల తేడా చాలు. మధ్యాహ్నం రెండు దాటాక లోతు గుంటల్లోంచి చేపలు ఆ బురద మీదకి ఎండ కాగడానికి వస్తాయి. లోతు పక్కనే బురద ఉన్న చోటు వెతుక్కోవడమే మొత్తం విద్య.

ఎర సంగతి. చలికాలంలో రొయ్య చాలావరకు గల్ఫ్‌లోకి వెళ్లిపోతుంది, పీత బురదలో దూరుతుంది. కాబట్టి చేప అడుగునే వెతుక్కుంటుంది. పీత ముక్క గానీ, ముల్లెట్ ముక్క గానీ, చచ్చిన రొయ్య గానీ వేసి కదపకుండా వదిలేయడం ఒక పద్ధతి. ప్లాస్టిక్ ఎరలైతే మూడంగుళాలది చాలు. అడుగుకి దిగనిచ్చి, ఎంత మెల్లగా లాగుతున్నారనుకుంటున్నారో అందులో సగం వేగంతో లాగాలి. వేసవిలో లాగా చెయ్యి ఊడేలా గుంజదు. తాడు కొంచెం బరువెక్కినట్టు అనిపిస్తుంది, తడిగుడ్డ తగులుకున్నట్టు. అదే చేప. ఏడడుగుల మామూలు కర్ర, పది పదిహేను పౌండ్ల అల్లిక తాడు, చివర రెండడుగుల మందపాటి నైలాన్ సరిపోతాయి. నీళ్లు తేటగా ఉంటాయి కాబట్టి తెడ్డు కయాక్‌కి తగిలి టక్‌మన్నా పారిపోతాయి.

ఇక మన ఒంటి సంగతి. చన్నీళ్ల గురించి ఇక్కడివాళ్లు ఒకటి-పది-ఒకటి అని లెక్క చెప్తారు. పడ్డాక మొదటి ఒక నిమిషం ఊపిరి అదుపు తప్పుతుంది, ఆ నిమిషం తల పైన ఉంచుకోవాలి. తర్వాత పది నిమిషాలు చేతులు పనిచేస్తాయి, ఏం చేసినా ఆలోపే. తర్వాత స్పృహ తప్పడానికి గంట పట్టచ్చు. నీళ్లు ఎంత చల్లన, మనిషి ఎలాంటివాడు అన్నదాన్ని బట్టి ఈ లెక్క మారుతుంది. కానీ మొదటి నిమిషానికి మందు ఒకటే. లైఫ్ జాకెట్. టెక్సస్ చట్టం పెద్దవాళ్లకి అది పడవలో ఉంటే చాలంటుంది, పదమూడేళ్ల లోపు పిల్లలు మాత్రం తొడుక్కునే తీరాలి. నేను చట్టం ప్రకారమే ఉన్నాను మరి, సీటు వెనక పెట్టుకుని! కాబట్టి అందరూ తొడుక్కోండి, జిప్పు పెట్టుకోండి.

గాలిని చూసి బట్టలు వేసుకోకండి, నీళ్లని చూసి వేసుకోండి. జీన్స్, కాటన్ వద్దు. తడిస్తే అవి ఒంట్లో వేడిని లాగేస్తాయి. నీళ్లలో ఈదేవాళ్లు వేసుకునే నియోప్రీన్ గానీ, ఉన్ని గానీ వేసుకుని, పైన నీళ్లు దూరనిది వేసుకోండి. పొడిబట్టలు ఒక జత నీళ్లు చొరని సంచీలో పెట్టుకోండి. ఫోన్ వాటర్ ప్రూఫ్ కవర్లో పెట్టి మీ ఒంటికే కట్టుకోండి, కయాక్‌కి కాదు. మెడలో విజిల్ ఉండాలి. ఉత్తరపు గాలి ఎప్పుడొస్తుందో నేషనల్ వెదర్ సర్వీస్ ముందే చెప్తుంది, చూసి వెళ్లండి. నీళ్లు తగ్గుతున్నప్పుడు ఇరుకు ఉప్పుటేరు లోపలికి మరీ దూరం పోకండి. బయటికొచ్చే దారి బురదైపోతే పోటు వచ్చేదాకా అందులోనే కూర్చోవాలి. కయాక్ నుంచి గాలం వేయడానికి ఉప్పునీటి అనుమతితో లైసెన్స్ కావాలి. స్టేట్ పార్కు ఒడ్డున నిలబడి వేసేవాళ్లకి మాత్రం లైసెన్స్ అక్కర్లేదు. పిల్లలతో మొదలుపెట్టేవాళ్లకి అది మంచి దారి.

ఇంకొక మాట. చేపలన్నీ ఒక గుంటలో చేరినప్పుడు పట్టడం తేలిక. అందుకే అక్కడ మన చెయ్యి అదుపులో ఉండాలి. 2021 ఫిబ్రవరిలో మన ఇళ్లలో కరెంటు పోయి, పైపులు పగిలి, కార్లలో పడుకున్న వారం మీకు గుర్తుంది కదా. ఆ వారమే టెక్సస్ తీరంలో కనీసం 38 లక్షల చేపలు చలికి చచ్చిపోయాయని పార్క్స్ అండ్ వైల్డ్ లైఫ్ శాఖ లెక్క కట్టింది. మంచు కరిగాక నేను వెళ్లి చూశాను. ఒడ్డు పొడుగునా తెల్లగా తేలి ఉన్నాయి. అలా గడ్డకట్టే రోజుల్లో చేపలు తలదాచుకునే లోతు గుంటల్లో కొన్నింటిని తాత్కాలికంగా మూసేసే అధికారం ఆ శాఖకి ఉంది. పారిపోలేని చేపని పట్టడం వేట కాదని నా అభిప్రాయం కూడా.

ఇప్పుడు మా నాన్నగారి సంగతి చెప్పి ముగిస్తాను. 2024 జనవరిలో అమ్మా నాన్నా మా ఇంటికొచ్చారు. ఆయన పుట్టింది అవనిగడ్డ దగ్గర, చిన్నప్పుడు కృష్ణ పాయల్లో ఈదినవారు. ఇక్కడ ఆయనకి కిటికీలోంచి ఎదురింటి గరాజ్ తలుపు తప్ప ఏమీ కనపడదు. "ఈ చలిలో ఇలా గదిలో కూర్చోబెట్టడానికా పిలిచావు?" అన్నారు. ఆ నెలాఖరున, చలిగాలి పోయిన మూడో రోజు, ఆయనకి ఒకరోజు లైసెన్స్ కొని, ఇద్దరు కూర్చునే కయాక్ అద్దెకి తీసుకుని వెళ్లాం. మా ఆవిడ, అమ్మ, బాబు ఒడ్డున ఉన్నారు.

కాసేపటికి ముందు ఒక చేప ఎగిరి నీళ్లలో పడింది. ఇక్కడివాళ్లు ముల్లెట్ అంటారు. ఆయన వెనక్కి కూడా తిరగకుండా "కత్తిపరిగరా అది" అన్నారు. నిజమే, అక్కడిదీ ఇక్కడిదీ ఒకటే జాతి. నేను ఐదేళ్లుగా చూస్తున్న చేపకి నాకు తెలుగు పేరు తెలియదు.

మూడింటికి ఆయన గాలానికి రెడ్ ఫిష్ పడింది. "పండుగప్పలా లాగుతోందిరా!" అని చిన్నపిల్లాడిలా అరిచారు. పైకి తీసి, నోరు మూసి, తోక కొసలు దగ్గరికి నొక్కి, కొలబద్ద మీద పెట్టాను. పందొమ్మిదిన్నర. ఇక్కడ ఉంచుకోవాలంటే ఇరవై నుంచి ఇరవై ఎనిమిది అంగుళాల మధ్య ఉండాలి. రోజుకి మనిషికి మూడు. "అర అంగుళమేగా, కాస్త తోక లాగు" అన్నారు. "కుదరదు నాన్నా" అన్నాను. "ఇక్కడ ఎవడున్నాడురా చూడ్డానికి?"

అప్పుడు ఆయనకి చెప్పాను. 1980ల్లో న్యూ ఆర్లియన్స్‌లో పాల్ ప్రూడమ్ అనే వంటాయన రెడ్ ఫిష్‌కి మసాలాలు పట్టించి నల్లగా వేయించే వంటకంతో దేశమంతా పేరు తెచ్చుకున్నాడు. అందరికీ అదే కావాల్సి వచ్చింది. గల్ఫ్‌లో గుడ్లు పెట్టే పెద్ద చేపల గుంపుల్ని వలలతో ఊడ్చేశారు. టెక్సస్‌లో అప్పటికే చేప తగ్గిపోయి, 1981లోనే దాని అమ్మకం నిషేధించారు. తర్వాత హేచరీల్లో పిల్లల్ని పెంచి ఏటా బేల్లోకి వదులుతున్నారు. లేక్ జాక్సన్‌లో 1996లో మొదలైన సీ సెంటర్‌లో ఆ పని మనం వెళ్లి చూడచ్చు. ఇరవై ఎనిమిది దాటింది గుడ్లు పెట్టడానికి సముద్రంలోకి పోయేది, ఇరవై లోపుది ఇంకా పెరగాల్సింది. మధ్యవి మనకి.

నాన్నగారు ఏమీ అనలేదు. చేపని నా చేతిలోంచి తీసుకుని, నీళ్లలో తోక దగ్గర పట్టుకుని ఉంచారు. చలికి అది మెల్లగా తేరుకుంది. ఒక్క విదిలింపు విదిల్చి, ఆయన ముఖాన నీళ్లు కొట్టి పోయింది. తుడుచుకుంటూ, "మా చిన్నప్పుడు ఎవరం కొలవలేదురా. కొలవాలని ఎవరికీ తోచలేదు" అన్నారు. నాలుగింటికి ఇంకోటి పడింది, ఇరవై మూడు అంగుళాలు. ఆ రాత్రి అమ్మ చింతపండు పులుసు పెట్టింది. రెడ్ ఫిష్ పులుసు బాగుంటుందండీ, ముక్క విడిపోదు.

ఆ రోజు ఒడ్డుకి వచ్చేసరికి ఐదుంబావు. మా ఆవిడ చేతిలో ఒక కాగితం ఉంది. మా ఫ్రిజ్ మీద మాగ్నెట్ కింద ఎప్పుడూ ఉండే కాగితం అది. ఎక్కడ నీళ్లలో దిగుతున్నాను, ఎటు వెళ్తున్నాను, ఎన్నింటికి వస్తాను, రాకపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలి. నాలుగు లైన్లు. 2019 నుంచి అది రాయకుండా నేను గడప దాటలేదు. ఆ రోజు దానిమీద ఐదు గంటలు అని రాశాను. "పావుగంట లేటు" అంది. నాన్నగారు చేపలు పట్టి ఆలస్యం చేశారని ఆయన మీదకి నెట్టాను.

ఈ చలికాలం మీలో ఎవరైనా నీళ్ల మీదకి వెళ్తే చేప పడుతుందని నేను హామీ ఇవ్వలేను. ఆ నాలుగు లైన్లు మాత్రం రాసి పెట్టి వెళ్లండి. చేపల వేటకే కాదు, ఉద్యోగం పోయిన రోజున కూడా.